మూడుసార్లు కడిగిన ఎండుచేపలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పగలిగిన మనిషిని కాను. ఇందులో కొలతలన్నీ సగానికి తగ్గించి చదువుకోండి. కంపును మాత్రం తగ్గించకండి, దాన్ని నేనే తగ్గించి రాస్తున్నాను.

పోయిన వారం మా ఆవిడ ఇంటి ముందు గోరింట కంచె వేద్దామని నర్సరీ నుంచి చేపల ఎరువు తెప్పించింది. సంచి మూతి విప్పగానే వచ్చిన వాసనకు కడుపులోని ఇడ్లీలు గొంతు దాకా వచ్చి తొంగిచూశాయి. ముక్కు మూసుకుని కళ్లు తెరిచేసరికి నేను ఇందుకూరుపేట దగ్గర, సముద్రానికి రెండు మైళ్ల దూరంలోని మా అవ్వ పెరట్లో, తొమ్మిదేళ్ల వయసులో నిలబడి ఉన్నాను.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మా పెరడంతా ఇసుక. ఏటా కట్టే తాటాకు దడిని చెదలు తినగా మిగిలింది గాలివాన ఎత్తుకుపోయేది, ఆ మర్నాటి నుంచి ఊళ్లో మేకలన్నీ అవ్వ వంగమొక్కల దగ్గర ప్రార్థన కూడిక పెట్టుకునేవి. అందుకని అవ్వ రెండేళ్లు పాస్టరమ్మగారిని బతిమాలి నెల్లూరు నుంచి వంద గోరింట మొక్కలకు మాట తీసుకుంది. మొక్కలు వచ్చేలోగా నేల సిద్ధం కావాలి. పెరటి చుట్టూ మోకాటి లోతు గుంట తవ్వించింది, నా జ్ఞాపకంలో మాత్రం అందులో ఏనుగు నిలబడితే తొండం కొస ఒక్కటే పైకి కనిపించేది. అడుగున చెరువు ఒండ్రు, దానిమీద కానుగాకు, ఆపైన మాగిన పేడ వేసి రోజూ నీళ్లు పోసి తొక్కమనేది. నాలుగో రోజుకు కానుగాకు కుళ్లి నల్లటి జిగురై కాలివేళ్ల సందుల్లోంచి పైకి పొర్లేది, నా చిటికెనవేలంత పురుగులు పాదాలమీద తీరిగ్గా షికారు చేసేవి. అవే కాళ్లతో వచ్చి అన్నానికి కూర్చుంటే పప్పు కూడా కానుగాకు వాసనే వేసేది.

ఇదంతా చాలదన్నట్టు పోలమ్మ వచ్చింది. ఆమె సముద్రపొడ్డున ఉన్న పాలెం నుంచి చేపలు తెచ్చి అమ్మేది. రోజూ మధ్యాహ్నం గంప మా అరుగుమీద దించి, అవ్వతో ఆకూవక్కా పంచుకుని, గంటసేపు ఊరందరినీ నమిలి గాని లేచేది కాదు. అవ్వ కడుపులో మాట చెప్పుకునేది ఆమె ఒక్కదానితోనే. ఆ నెల అకాల వానకు ఇసుకలో ఎండబోసిన చేపలు తడిసి కుళ్లితే, అవ్వ కంచె కోసమని రెండు గంపలు ఊరికే తెచ్చిపెట్టింది.

"ఉప్పేసిన చేపలక్కా. కాలవలో మూడుసార్లు కడిగి అప్పుడు గుంటలో ఎయ్యండి. ఊరికే ఎయ్యబాకండి, ఉప్పు చెట్టును తినేస్తాది."

కడిగే పని నాకు పడింది. గంపలో చేపలకు కళ్లు లేవు, కళ్లున్నచోట తెల్లటి పురుగులు ఉండి నన్నే చూస్తున్నాయి. నెత్తికెత్తుకుంటే పసుపుపచ్చటి రసం చెవి మీదుగా కారి మెడ దాటి బనీనులోకి దిగింది. మొదటిసారి ముంచగానే కాలవలో కప్పలు గట్టెక్కాయి, రెండోసారికి బర్రెలు నీళ్లు మానేశాయి, మూడోసారికి కాలవ నీళ్లే వెనక్కి నడిచాయి. తడిసిన గంపలు చూసి అవ్వ నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. దాన్ని తినడానికి ఆ చేతిని నోటి దగ్గరికి తేలేకపోయాను.

ఆదివారం ఇంటికొచ్చిన పాస్టరుగారు ప్రార్థనకు కళ్లతోపాటు ముక్కూ మూసుకున్నారు. ఆమెన్ ఆయన నోట్లోంచి కాక చెవిలోంచి వచ్చిందేమోననిపించింది.

మొక్కలొచ్చాయి. అవ్వ ఒక్కొక్కటీ తన చేత్తోనే నాటింది. వానలు ఆలస్యమైతే కడవలతో పోసింది. ఇరవై రోజులకు ఆకుల అంచులు మాడాయి, నెల తిరిగేసరికి వందా పుల్లలయ్యాయి. అవ్వ ఒక పుల్ల పీకి, వేరును నాలుక కొసకు తాకించుకుని ఉమ్మేసింది. ఆ మధ్యాహ్నం పోలమ్మను గంప దించనివ్వలేదు.

"కడగమని చెప్పినా గదక్కా" అంది పోలమ్మ.

అవ్వ నావైపు తిరిగింది. "కడిగినావా అబ్బయా?"

"మూడుసార్లు కడిగినానవ్వా."

"నా మనవడు అబద్ధమాడడు పోలమ్మా. నువ్వే ఇచ్చినావు, ఉప్పుగడ్డలు."

పోలమ్మ నా మొహంవంక ఒకసారి చూసి, గంపతోనే వెనుదిరిగి వెళ్లిపోయింది. తర్వాత ఆమె కేక వెనకవీధిలోనే వినిపించేది. ఆ కేక వినిపించినంతసేపూ అవ్వ ఆకుకు సున్నం రాస్తూనే ఉండేది, ఆకు మాత్రం నోట్లో పెట్టుకునేది కాదు. అవ్వ పోయేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడా పెరడు రొయ్యల గుంటలో కలిసిపోయింది. అరుగు లేదు, వెనకవీధీ లేదు. మా ఆవిడ మాత్రం సంచి మీది కాగితం చదివి, వాడేముందు ఏమైనా కడగాలా అని అడుగుతోంది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. ఏనుగు, పాస్టరుగారి చెవి ఉన్నదాన్ని సాగదీసినవే. ఆ పురుగులు, ఆ రసం నిజం. గట్టెక్కిన కప్పలు, నీళ్లు మానేసిన బర్రెలు, వెనక్కి నడిచిన కాలవ మాత్రం పూర్తిగా కల్పన. ఆ చేపలను వాకిలి దాటగానే తిన్నగా గుంటలో కుమ్మరించి మట్టి కప్పేశాను. కాలవలో ముంచింది ఖాళీ గంపలనే.