అయ్యాసామి పట్టిన పారచేప

అయ్యాసామి నాయకర్ రాజపాళయం నూలు మిల్లులో తెగిన పోగులు అతికేవాడు. నెలకొకసారి బస్సెక్కి మణప్పాడు సముద్రానికి పోవడం అతనికున్న ఒకే పిచ్చి. అక్కడి రాళ్ళ కింద పారచేపలు తిరిగేవి. మనిషి నడుమెత్తు పెరిగే జాతి, చిన్నచేపల గుంపు మీద పడిందంటే నీళ్ళు ఎర్రబడేవి.

1958 ఆగస్టులో, ఆవణి నెల పుట్టాక, బామ్మర్ది కరుప్పసామి కూడా వెంట వెళ్ళాడు. మిల్లు నూలుతో తానే పేనుకున్న తాడును అయ్యాసామి ఎడమచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. పార గాలం మింగింది. ఒక్క గుంజుకు అతను బోర్లా పడ్డాడు. రాళ్ళకు అంటిన గుల్లలు మోకాళ్ళను చీరేశాయి. తాడు రెండు వేళ్ళలో ఎముక దాకా దిగింది. కరుప్పసామి నడుము పట్టి వెనక్కి లాగుతున్నా ఇద్దరూ అంచుకే జారుతున్నారు.

"వదులు బావా. చెయ్యి పోతాది."

"వదల్ను. నువ్వు పట్టుకో, అంతే."

ఇంకో జానెడు జారితే నీళ్ళే. కరుప్పసామి కత్తి తీసి తాడు కోసేశాడు.

అయ్యాసామి లేచి, నెత్తురోడుతున్న చేత్తోనే అతని మూతి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి రాళ్ళ మీద పడ్డా ఆగలేదు. కరుప్పసామి చెయ్యెత్తలేదు.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పోగులు అతికే పని పోయి, మిల్లు గోడౌనులో మూటలు మోసే పని మిగిలింది. కరుప్పసామి తన ఊరు సేత్తూరు నుంచి మళ్ళీ వాళ్ళ గడప తొక్కలేదు.

"నా తమ్ముడు మీ పానం నిలిపినాడు. మీరు వాడి పన్ను రాలగొట్టినారు," అనేది బొమ్మక్క, మొగుడికి అన్నం వడ్డిస్తూ. అతను తలవంచుకుని తినేవాడు.

1961లో అయ్యాసామి మణప్పాడుకు ఒంటరిగా వెళ్ళాడు. ఈసారి తాడు కొసను రాతికి కట్టాడు. గంటసేపు పెనుగులాడి పారను పైకి ఈడ్చాడు. తోక పక్కనున్న రంపం లాంటి పొలుసులు అతని పిక్కను చీల్చాయి. రాయెత్తి దాని తల మీద మోదాడు. చేప చచ్చింది. అయినా మోదుతూనే ఉన్నాడు. దవడ విరిగింది, కళ్ళు చితికాయి, తల గుజ్జయింది. ఈ చెయ్యే బామ్మర్ది మూతి మీద ఇలాగే పడిందని గుర్తొచ్చాక రాయి జారవిడిచాడు. తన చేతిని చూసి తనకే భయమేసింది.

చేపను ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, ఇంటికి పోకుండా నేరుగా సేత్తూరు వెళ్ళాడు. కరుప్పసామి వాకిట్లో ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు. అయ్యాసామి మూట దించాడు.

"ఆ పొద్దు నువ్వు కోయకుంటే నేను పోయుందును," అన్నాడు. "అది తెలిసే కొట్టినా."

"నీకు తెలుసని నాకూ తెలుసు. అందుకే రాలా." కరుప్పసామి అతని పిక్కను చూశాడు. "లోపలికి రా బావా. నెత్తురు కారతా ఉండాది."

ఆ సాయంత్రమే బొమ్మక్కను సేత్తూరుకు రమ్మని కబురంపారు.