జీపుకు ఎక్కించిన గ్లూకోసు

నా పెండ్లిచూపులకు నేను అంబులెన్సుల వచ్చిన అని కోదాడల ఇప్పటికీ నమ్మేటోళ్ళు ఉన్నరు. ఎంత చెప్పినా ఇనరు. అది అంబులెన్సు కాదు, మా నర్సింహ మామ జీపు. నాకేం రోగం లేకుండె, రోగమంతా జీపుదే. మొత్తం చెప్త, జర మధ్యల నవ్వకుండ్రి.

ఎనభైల చివర్ల ముచ్చట ఇది. అప్పుడు నేను మిర్యాలగూడల ఒక ప్రైవేటు దవాఖానల కాంపౌండర్‌ని. ఇప్పుడంటే ఈ పొట్ట వచ్చింది గానీ, అప్పుడు నా అంగీ దండెం మీదున్నా నా మీదున్నా ఒక్కతీరే కనబడేది. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయినయి. మొహం మీద ఎవరూ అనలే. మధ్యవర్తితోని అడిగిచ్చిండ్రు: "పిల్లగాడు మరీ గట్లున్నడు, లోపల ఏమన్న బీమారి ఉన్నదా?" రోజూ ఊరందరికి సూదులిచ్చేటోన్ని, నాకే రోగమట. మూడోది కోదాడ సంబంధం. పిల్ల ఫోటో చూసినంక ఇది మాత్రం తప్పిపోవద్దని గట్టిగ అనుకున్న.

మామ దగ్గర దానికి ఉపాయం ఉండె.

"బస్సు దిగి నడుసుకుంట పోతే ఇంకా బక్కగ అవుపడ్తవ్ అల్లుడా. జీపుల పోదాం. జీపు దిగే మనిషి జర నిండుగ ఉంటడు."

ఆ జీపు సూర్యాపేటల ఒక కంట్రాక్టరు దగ్గర కొన్నడు. మిలిటరీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన పెట్రోలు జీపు. పైన టాపు లేదు. పొలం గట్లు, వాగులు ఏదైనా దాటుతదని మామకు దాని మీద పానం. అది ఎందుకు ఆగినా మామకు తెలిసిన జవాబు మాత్రం ఒక్కటే. హారను మోగకపోయినా "కార్బరేటర్ల కచరా" అంటడు.

పొద్దుగాల్నే బయల్దేరినం. అమ్మకు జీపంటే భయం, రాలే. మధ్యాహ్నం కాకముందే ఆ ఇంట్ల అడుగు పెట్టాలె, తర్వాత వర్జ్యమని మాత్రం మరీ మరీ చెప్పింది. మా డాక్టరు గారు కోదాడల వాళ్ళ తమ్ముడి దవాఖానకు ఇయ్యమని ఒక డబ్బా నిండ గ్లూకోసు సీసాలు, ట్యూబులు, సూదులు నా చేతిల పెట్టిండు.

గరిడేపల్లి ఇంకా రాకముందే జీపు గుర్రుగుర్రుమని, రెండు దుంకులు దుంకి ఆగింది.

"కార్బరేటర్ల కచరా," అన్నడు మామ, ఇంకా దిగకముందే.

కొత్త అంగీ చేతులు మడిచి బానెట్ లేపినం. కార్బరేటరు విప్పి జెట్టు తీసినం. జెట్టంటే పెట్రోలు పోయే సన్న బొక్క ఉన్న ఇత్తడి ముక్క. నా దగ్గర సూదులుండె గదా, ఇంజెక్షన్ సూదితోని ఆ బొక్క సాఫ్ చేసిన. మామ మస్తు ఖుషీ అయిండు. బిగించినం, స్టార్టయింది, జరంత దూరం పోయి మళ్ళ ఆగింది. మళ్ళ విప్పినం, మళ్ళ ఊదినం. అప్పుడు నా బుర్రకెక్కింది, కార్బరేటర్ల పెట్రోలు సుక్క లేదు. ట్యాంకుల నుంచి పెట్రోలు గుంజే పంపు పోయింది.

"మామా, పెట్రోలే పైకి వస్తలేదు. పంపు ఖరాబైంది."

"గీడ పంపు ఏడ దొరుకుతదిరా? ఇగ బస్సెక్కుడే."

బస్సు దిగి నడుసుకుంట పోయే నన్ను నేనే ఊహించుకున్న. పిల్ల ఫోటో జేబులనే ఉండె. అప్పుడు నా కన్ను గ్లూకోసు డబ్బా మీద పడ్డది. సీసా పైన కట్టి మనిషికి ఎక్కియ్యంగ లేంది, జీపుకెందుకు ఎక్కియ్యరాదు?

చెప్తే మామ నాకు రెండు చేతులు జోడిచ్చిండు. "నీ బుర్రకు దండంరా," అన్నడు. పొగిడిండో తిట్టిండో ఇప్పటికీ తెల్వదు.

సీసాలల్ల గ్లూకోసు పారబోసిన. డాక్టరు గారికి తర్వాత ఏం చెప్పిన్నో అది అడగకుండ్రి. ట్యాంకుల ట్యూబు పెట్టి నోటితోని పెట్రోలు గుంజిన. నోటి దాక రాంగనే ట్యూబు తియ్యాలె. నేను ఆ టైముల పిల్ల గురించి ఆలోచిస్తున్న. ఒక గుటక సాఫ్‌గ లోపలికి పోయింది. గొంతు, ముక్కు, చెవులు అన్నీ మండినయి. నీళ్ళతోని పుక్కిలిచ్చిన, సోంపు నమిలిన. అయినా తేన్పు వస్తే పెట్రోలు బంకు వాసనే. మామ బీడీ పారేసి నాకు దూరంగ జరిగిండు.

సీసా తలకిందులు చేసి, ట్యూబు కొన కార్బరేటరుకు తొడిగి, సీసాను చేత్తోని పైకెత్తి పట్టుకుని ముందు సీట్ల కూసున్న. స్టార్టయింది. నేను మామ దిక్కు చూసి మీసం మెలేసిన. వెంటనే ఆగింది.

"కార్బరేటర్ల..." అని మామ అందుకోంగనే దిగి మళ్ళ అంతా విప్పిన. మళ్ళ బిగించినంక యాదికొచ్చింది. గాజు సీసా లోపలికి గాలి పోకుంటే సుక్క కిందికి దిగదు, దానికి వేరే ఒక గాలి సూది గుచ్చాలె. మనుషులకు ఒక్కనాడు మరువలే, జీపుకు మరిచిన. మామకు చెప్పకుండ సప్పుడుగాక గుచ్చిన. ఈసారి స్టార్టయిన ఇంజను ఆగలే.

"చూసినవా, కచరానే," అన్నడు మామ.

ఇగ జీపు ఉరికింది. ట్యూబు మీది చిన్న చక్రం తిప్పితే ధార పెరుగుతది, తగ్గుతది. స్టీరింగు మామది, ఎక్కువ తక్కువ నాది. ఎత్తు వస్తే "పెంచు అల్లుడా", బర్రెలొస్తే "తగ్గియ్". ఒక సీసా అయిపోంగనే ఇంకోటి. ఎండకు నెత్తికి తెల్ల తువాల చుట్టుకున్న. బయటోళ్ళకు ఎట్ల అవుపడ్తున్ననో నాకేం ఎరుక?

గరిడేపల్లిల ఆ రోజు అంగడి. రోడ్డు మీదనే కూరగాయల గంపలు, మేకలు, ఎడ్లబండ్లు. హారను కొడ్తే ఎవ్వరు కదుల్తలేరు. ఒక ముసలామె మాత్రం నన్ను, నా చేతిల సీసాను చూసి "అయ్యో బిడ్డా" అని గంప పక్కకు గుంజుకున్నది. మామ అది చూసిండు.

"కండ్లు మూసుకో," అన్నడు మెల్లగ.

"ఎందుకు మామా?"

"టైం అయితున్నదిరా. తల పక్కకు ఒరగబెట్టు." నేను ఒరగబెట్టంగనే లేసి నిలబడి ఒర్లిండు. "జరుగుండ్రి, జరుగుండ్రి, సీరియస్ కేసు!"

ఒక మూలుగు కూడ మూలిగిన. అది మామ చెప్పలే, నా సొంతం. అంగడి రెండుగ చీలిపోయింది. మేకలను ఎత్తుకుని మరీ జరిగిండ్రు. అక్కడ ఆగి ఉన్న కోదాడ బస్సు కూడ సైడిచ్చింది. ఆ బస్సు కిటికీ పక్కన పిల్ల బాబాయి కూసున్నడని మాకు తెల్వదు. సంబంధం మాట్లాడ మా ఇంటికి వచ్చిన మనిషే, ఇద్దర్ని మంచిగనే గుర్తుపట్టిండు. ఊరు దాటినంక సీసాలు నింపుకోవడానికి మేం ఆగినం. బస్సు ఆగలే.

కోదాడల పిల్ల ఇంటి ముందు జీపు ఆపితే, వాకిట్ల నులక మంచం వేసి ఉన్నది. పక్కన స్టెతస్కోపుతోని డాక్టరు. ఆడోళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నరు. పిల్ల తండ్రి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు.

"ఇంత బాగాలేనప్పుడు ఎందుకు బయల్దేరారు బాబూ? కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం గదా."

"నా కళ్ళతో చూశానన్నయ్యా, కళ్ళు తేలేశాడు," అన్నడు బాబాయి.

లేని రోగానికి రెండు సంబంధాలు పోయినయి, మూడోదానికి ఆ రోగాన్ని నేనే జీపుల ఎక్కించుకుని వచ్చిన. చెప్దామంటే నోరు తెరవరాదు. ఆ వాసనకు తాగొచ్చిండనుకుంటరు. పెదవులు బిగబట్టి చేతులు ఊపిన. అది చూసి పిల్ల మేనత్త, "మాట కూడా పడిపోయిందమ్మా" అని ఏడుపు అందుకున్నది.

"గ్లూకోసు పిల్లగానికి కాదు బావగారూ, జీపుకు," అన్నడు మామ.

ఎవరూ నమ్మలే. బానెట్ లేపి ట్యూబు చూపించినంక నమ్మిండ్రు. డాక్టరు మాత్రం, వచ్చినంక ఊకె పోవుడెందుకని నన్ను మంచం మీద పండబెట్టిండు. నాడి చూసిండు, గుండె చూసిండు, నాలుక చూపించమన్నడు. చూపించిన. ఆయన ముక్కు మూసుకుని వెనక్కి జరిగి, మామ చెవిల "బండిలో కంటే ఈయనలోనే ఎక్కువుందండీ" అన్నడు. తర్వాత అందరికి ఇనబడేటట్టు, "ఏ జబ్బూ లేదు, మనిషి గట్టివాడే, సన్నంగా ఉన్నాడంతే" అన్నడు.

అందరి ముందట డాక్టరు పాస్ చేసిన పెండ్లికొడుకును నేనొక్కన్నేనేమో. పిల్ల టీ తెచ్చింది. ఫోటో కంటే మంచిగున్నది. "ఏమన్నా అడుగుతారా?" అంటే తల అడ్డంగ ఊపిన. "నచ్చిందా?" అంటే నిలువుగ ఊపిన, మెడ నొచ్చేదాక ఊపిన.

సంబంధం కుదిరింది. పెండ్లయి చానా రోజులైనంక, నాల ఏం చూసి ఒప్పుకున్నవని మా ఆమెను అడిగిన.

"ముందొచ్చినవాళ్ళు కూర్చున్నంతసేపూ వాళ్ళ గొప్పలే చెప్పుకున్నారు," అన్నది. "మీరు ఒక్క మాట మాట్లాడలేదు. నెమ్మదస్తులనుకున్నా."

నేను మొదలుపెడితే ఎట్లుంటదో మీకెరుకే గదా. ఇప్పుడు ఇంట్ల నేను నోరు తెరిస్తే ఆమె కొట్లాడదు, గట్టిగ అనదు. వంటింట్ల నుంచే నిమ్మళంగ అడుగుతది: "ఆ రోజు ఒక్క గుటకతో ఎందుకు ఆపారండీ? ట్యాంకు మొత్తం తాగేసి రావాల్సింది."