బంతి చివర రెండు విస్తర్లు

నా చిన్నప్పుడు నేను చీపురుపుల్లలా ఉండేదాన్ని. మా పినపాక వైపు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎవరింట్లో బంతి భోజనాలైనా నన్ను చూడగానే అందరికీ జాలి ముంచుకొచ్చేది. పిల్ల ఎండిపోయిందంటూ, వద్దన్నకొద్దీ విస్తట్లో కుమ్మరించేవారు. నాకేమో ఆకలే ఉండేది కాదు. అంత అన్నం చూస్తే ఏడుపొచ్చేది.

మా పక్కింటి పెద్దమ్మకు అంతా తలకిందులు. భారీ మనిషి. పెనిమిటి పోయాక ఒక్కతే ఉండేది. అడవి నుంచి మోదుగాకు తెచ్చి విస్తర్లు కుట్టేది. ఊళ్లో ఏ పెళ్లయినా అందరూ తినేది వాటిలోనే. ఆమె మాత్రం పొద్దున ఇంత అంబలి తాగితే మళ్లీ చీకటి పడ్డాకే పొయ్యి వెలిగించేది. పక్కింటివాళ్లం కాబట్టి అది మాకు తెలుసు. ఊరికి తెలిసింది ఆమె ఒళ్లు ఒక్కటే. బంతిలో ఆమె దగ్గరికొచ్చేసరికి గరిటె సగమయ్యేది. ఇంకొంచెం అడిగిందా, నిన్ను లేపాలంటే ఓపెన్‌కాస్టు బొగ్గుగని నుంచి క్రేను తేవాలని ఎవరో ఒకరు అనేవారు. వాళ్లతోపాటు ఆమే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక పెళ్లిలో నన్ను బంతి చివర, గోడ వారగా తన పక్కన కూర్చోబెట్టుకుంది. నా ఆకు నిండింది. ఆమె ఆకులో పిడికెడు అన్నం. వడ్డించేవాళ్లు అటు తిరగ్గానే చప్పుడు కాకుండా రెండు విస్తర్లూ మార్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె తల వంచుకుని గబగబా తింటుంటే, ఆకలైతే అడగొచ్చు కదా పెద్దమ్మా అన్నాను.

"నీ బొక్కలు కనవడ్తయ్ బిడ్డా, అందుకే నీకు ఆకలంటరు. నా ఆకలి ఈ కండ కింద ఉంటది. ఎవ్వలకు కనవడ్తది?"

అంతలో పప్పు బకెట్టుతో వచ్చినాయన చూడనే చూశాడు. గిదా నీ నాటకం అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది మా ఊరి తీరు. ఈసారి పెద్దమ్మ నవ్వలేదు. కలిపిన ముద్ద ఆకులోనే వదిలి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏ పెళ్లికైనా విస్తర్లు పంపేదే గాని తాను రాలేదు. జనమంతా తన ఇంటి ముందు నుంచే భోజనాలకు పోతుంటే, గడపలో కూర్చుని ఆకులు కుడుతూ ఉండేది. అమ్మ గిన్నెలో కూర పంపినా తిన్నానని తిప్పి పంపేది. గోడ పక్కన నేనొక్కదాన్నే నిండిన ఆకు ముందు దిక్కులు చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె లేకపోతే నాకు బెంగగా ఉండేది.

ఇద్దరు పిల్లలు పుట్టాక నేనూ లావయ్యాను. మొన్నొక పెళ్లిలో నా ముందుకొచ్చి గరిటె ఆగింది. వడ్డించే పిల్ల నా ఒళ్లు చూసి, చాలు కదా అత్తా అంది. పక్కవాళ్లు ముసిముసిగా నవ్వారు. సిగ్గేసింది. అయినా నలుగురికీ వినబడేలా అన్నాను.

"చాలదు బిడ్డా. ఆకలైతుంది, వెయ్యి."

కడుపునిండా తిన్నాను. ఇప్పటికీ ఏ బంతిలోనైనా చివరనే కూర్చుంటాను. గోడకీ నాకూ మధ్య పెద్దమ్మ పట్టేంత చోటు వదులుతాను.