పొద్దుటి మసక

"...అని నేననలేదు బావా. పొద్దున్న షాపు తెరిచినవాడు పొద్దున్న గడ్డాలు కూడా గియ్యాలి అన్నాను, అంతే."

"తెరుస్తున్నాను కదా?"

"షట్టర్ ఎత్తడం తెరవడమా? ఎత్తేసి అద్దం ముందు నిలబడి డ్రయ్యర్ మొహానికి పెట్టుకుంటావు. ఆరబెట్టుకోవడానికి నీ నెత్తిమీద ఏముందని?"

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పేపరు చాటున నవ్వారు. బావ ఖాళీ కత్తెరను గాలిలో టకటకలాడిస్తూ గుమ్మం దాకా వెళ్ళాడు, వీధిలోకి చూశాడు, తిరిగొచ్చాడు.

సెలూన్లో రెండే కుర్చీలు. తలుపు పక్కది బావది, లోపలిది బావమరిదిది. బావకి వీధిలో అందరూ పెట్టిన పేరు పాదరసం. ఒకచోట నిలవడు. జుట్టు కత్తిరిస్తూ కుర్చీ చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేస్తాడో లెక్క ఉండదు. చిన్నప్పుడు అతన్ని నిద్రపుచ్చడానికి వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని కూర్చునేదట. పెళ్ళయిన కొత్తలో భార్య కూడా ఒకటి రెండు సార్లు ప్రయత్నించి వదిలేసింది.

పని నేర్పింది మేనమామ. గాలి ఊదిన బుడగకు సబ్బు నురగ పూసి, బుడగ పగలకుండా కత్తితో నురగ తీయమనేవాడు. పాదరసం నేర్చుకునేసరికి చాలా బుడగలే పగిలాయి. కానీ కత్తి పట్టినప్పుడు మాత్రం అతని చెయ్యి వణకదు, కదలదు. ఒళ్ళంతా పరుగులు తీస్తున్నా మణికట్టు ఒక్కటీ నిలిచి ఉంటుంది. గడ్డం ఎటు వాలుగా పెరిగిందో, మెడ మీద సుడి ఎక్కడుందో, ఎవరి దవడ ఎముక ఎక్కడ తేలుతుందో చూడకుండానే చెప్పగలడు. ఈమధ్య ఆ చూడకుండా చెప్పగలగడం మీదే అతని పొద్దుటి బతుకు నడుస్తోంది.

ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

వర్షాలు మొదలైన రోజుల్లో ఆమే అతన్ని కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. పొద్దున్న లేచేసరికి కళ్ళ ముందు ఆవిరి పట్టిన అద్దం పెట్టినట్టుంటోందని, మధ్యాహ్నానికి అదే తొలగిపోతోందని అతను చెబితే డాక్టరమ్మ తల ఊపి, ఏదో యంత్రానికి గడ్డం ఆనించమంది. ఆనించిన కాసేపట్లో రెండుసార్లు తీశాడు.

"కదలకండి."

"ఆయనకు చేతకాదండీ," అంది భార్య.

డాక్టరమ్మ తెర మీద ఒక బొమ్మ చూపించింది. తేనెపట్టు గదుల్లా ఆరు మూలల గళ్ళు. అక్కడక్కడా నల్లటి మచ్చలు. మచ్చల చుట్టూ ఉన్న గళ్ళు ఆకారం చెడి, కాళ్ళు చాపుకున్నట్టు సాగిపోయి ఉన్నాయి.

"ఇవి మీ కంట్లో కణాలు. నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. దానికి లోపలివైపు ఈ కణాలు ఒక్క వరసే. కంట్లో ఉన్న నీరు ఎప్పుడూ ఆ అద్దంలోకి ఊరుతూ ఉంటుంది. ఇవి దాన్ని తిరిగి తోడేస్తూ ఉంటాయి."

"ఇంత చిన్నవి నీళ్ళు తోడతాయా?"

"తోడేది నీళ్ళను కాదు, ఉప్పును. ప్రతి కణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది. అది అన్నిటినీ పోనివ్వదు, అన్నిటినీ ఆపదు. దాంట్లో చిన్న చిన్న దారులు ఉంటాయి, పంపుల్లాంటివి ఉంటాయి. పంపులు ఉప్పును బయటికి నెడతాయి. ఉప్పు ఎక్కువున్న వైపుకు నీళ్ళు వాటంతటవే పోతాయి. అలా నెట్టడానికి బలం కావాలి కదా, అది కూడా కణం తన లోపలే తయారు చేసుకుంటుంది. రాత్రీ పగలూ ఆగకూడదు."

"మరి నావి నిద్రపోతున్నాయా?"

"చచ్చిపోతున్నాయి. చర్మంలో కణాలు పోతే కొత్తవి వస్తాయి. ఇవి రావు. ఉన్నవే సాగి, పోయినవాటి చోటు కప్పుకుంటాయి."

"మా తమ్ముడు రాని రోజున ఈయన రెండు కుర్చీలూ చూసుకున్నట్టు," అంది భార్య.

"అంతే. కొన్నాళ్ళు లాగుతారు. ఎన్నాళ్ళో లాగలేరు."

పొద్దున్నే ఎందుకు మసకో కూడా డాక్టరమ్మ చెప్పింది. కన్ను తెరిచి ఉంటే కొంత నీరు పైనుంచి గాలికి ఆరిపోతుంది. రెప్పలు మూసి ఉన్నంతసేపూ ఆరదు, లోపలే చేరుతుంది. ఉప్పు చుక్కలు రాసిచ్చింది. చెయ్యి చాచినంత దూరంలో డ్రయ్యర్ పెట్టుకుని కళ్ళకు కాస్త గాలి తగలనిస్తే త్వరగా తేటపడుతుందని కూడా చెప్పింది. కానీ ఇవన్నీ రోజు గడుపుకోవడానికే, చివరికి రెండు కళ్ళకూ ఆపరేషన్ తప్పదని, ఎడమది ఎక్కువ పాడైందని అంది. చనిపోయినవాళ్ళ కంటి నుంచి ఈ కణాల వరస ఉన్న పొరను తీసి లోపల పెడతారు. వెంట్రుక కన్నా చాలా పల్చన. దానికి కుట్లు వెయ్యరు. వెనకనుంచి ఒక గాలిబుడగ దాన్ని అదిమి పట్టుకుంటుంది.

"బుడగ పైకే తేలుతుంది కాబట్టి మీరు వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుండాలి. రెండు మూడు రోజులు. తిండికీ బాత్రూంకీ తప్ప లేవకూడదు. లేచి తిరిగితే పొర జారిపోవచ్చు."

భార్య నవ్వబోయి ఆగిపోయింది. అతను లేచి నిలబడి, "ఆలోచించి చెబుతాం," అన్నాడు. అప్పటికే చెయ్యి తలుపు మీద ఉంది.

ఇంటికొచ్చాక ఆమె కీర ముక్కల మీద ఉప్పు చల్లి అతని ముందు పెట్టింది. కాసేపటికి ముక్కలు వాడి, పళ్ళెంలో నీళ్ళు చేరాయి.

"చూశారా? చుక్కలు వేసుకున్నప్పుడు జరిగేది ఇదే. ఉప్పు లాగేస్తుంది."

"నా కళ్ళు కీరకాయలా నీకు?"

"కీరకాయలైతే చెప్పిన మాట వినేవి."

మనిషి స్థిమితం లేనివాడే కానీ తెలివి తక్కువవాడు కాదు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో తనకు కావలసిన ముక్క ఏరుకున్నాడు. రెప్ప మూస్తేనే కదా నీళ్ళు చేరేది? అయితే మూయకపోతే సరి. నిద్ర తగ్గించాడు. తెల్లవారడానికి చాలా ముందే లేచి కూర్చునేవాడు. కూర్చోలేక తిరిగేవాడు. ఫ్యాను ఎదుట నిలబడి కళ్ళు పెద్దవి చేసేవాడు. "కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చోవడం అంటే ఊరికే అంటారనుకున్నాను, ఇవాళ చూస్తున్నాను," అంది భార్య. డాక్టరమ్మ నిద్ర మానమని చెప్పలేదని కూడా అంది. అతను వినలేదు. నిద్ర చాలక తల దిమ్ముగా ఉండేది, కోపం ముక్కు మీదే ఉండేది.

షాపులో మసక తొలగేదాకా ఏదో ఒక పని కల్పించుకునేవాడు. తువాళ్ళు మడతపెట్టేవాడు, ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చేవాడు, టీ చెప్పి వస్తానని వెళ్ళి టీ కొట్టు దాటి వెళ్ళిపోయేవాడు. గడ్డం గిరాకీ వస్తే బావమరిది వైపు తోసేవాడు. తప్పకపోతే చేతివేళ్ళతో మొహం తడిమి, గుర్తున్నదాన్ని బట్టి గీసేవాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. పదకొండు గంటలయ్యేసరికి ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు అక్షరం అక్షరం కనిపించేది. రోజూ పదకొండు గంటలకు అతని జబ్బు నయమైపోయేది. ఆ వేళప్పుడు ఆపరేషన్ మాట గుర్తొస్తే అతనికి నవ్వొచ్చేది.

పేపరు చాటున ఇద్దరు నవ్విన ఆ పొద్దుకు మర్నాడు ముసురు పట్టింది. గాలిలో తడి ఉంటే కళ్ళు ఓ పట్టాన ఆరవు. షట్టర్ సగం ఎత్తాడో లేదో, కింద నుంచి తల వంచుకుని గార్డుగారు లోపలికొచ్చారు. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి పాదరసం చేతనే గడ్డం గీయించుకుంటారు. కుర్చీలో కూర్చుని, నురగ పూస్తుండగానే నిద్రపోవడం ఆయన అలవాటు.

"ఇంత పొద్దున్నేనా గార్డుగారూ?"

"మా మనవరాలికి ఇవాళ డిగ్రీ పట్టా ఇస్తారయ్యా. మొదటి వరసలో కూర్చోవాలట. వారం నుంచి గడ్డం గీయలేదు, ఇలా వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు."

"మా వాడు ఇప్పుడొచ్చేస్తాడు. వాడి చెయ్యి కూడా బావుంటుంది."

"వాడి చేతిలో నాకు నిద్ర పట్టదు. కానియ్."

డ్రయ్యర్ పెట్టుకునే వ్యవధి లేదు. గార్డుగారి మొహం అతనికి తెల్లటి తువాలు మీద గోధుమరంగు మరకలా ఉంది. అయినా తెలిసిన మొహం. గడ్డం నొక్కు, కుడి దవడ కింద సుడి, చెవి పక్క పుట్టుమచ్చ. వేడినీళ్ళతో తడిపాడు, బ్రష్షుతో నురగ పూశాడు. గార్డుగారి తల వెనక్కి వాలింది. బుగ్గలు అయిపోయాయి. బావమరిది లోపలికొచ్చి తన కుర్చీ దగ్గర సామాను సర్దుకుంటున్నాడు. పాదరసం వేలితో మెడ చర్మం బిగించి కత్తిని కిందనుంచి పైకి లాగాడు.

కత్తికి ఏదో తగులుకుంది. వెంట్రుక కాదు.

"బావా, ఆపు!"

గార్డుగారు ఉలిక్కిపడి లేచారు. నురగ గులాబీ రంగుకు మారుతుండటం పాదరసానికి ఆ తర్వాత కనబడింది. బావమరిది తువాలు లాక్కుని మెడకు అదిమిపెట్టాడు. దవడ కిందుగా, ఇన్నేళ్ళూ ఏమీ లేని చోట, ఇప్పుడు కుట్లున్నాయి. ఒక కుట్టు తెగి ఉంది.

"చిన్న కంతి ఉంటే పోయిన వారం తీసేశారయ్యా," అన్నారు గార్డుగారు, అద్దంలో చూసుకుంటూ. "నాదే తప్పు. చెబుదాం అనుకుంటూనే కళ్ళు మూతలుపడ్డాయి. అయినా నీకు చెప్పేదేముంది, చూస్తావు కదా అనుకున్నాను."

"నేనే... నురగలో..."

"పోనీలే. బస్సు కాదు కదా గుద్దింది."

రక్తం త్వరగానే ఆగింది. మిగిలిన గడ్డం బావమరిది గీశాడు. గార్డుగారిని ఎదురుగా మందుల షాపుకు తీసుకెళ్ళి కట్టు కట్టించి, ఆటో ఎక్కించి వచ్చాడు. వచ్చేసరికి పాదరసం గోడ పక్క నిలబడి ఉన్నాడు. మొదటిసారి కదలకుండా.

"కుట్లకు నల్లదారం వేశారు బావా. నా కుర్చీ దగ్గర్నుంచే నాకు కనిపించింది."

పాదరసం గోడకు ఆనుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ డ్రయ్యర్ జుట్టుకు కాదు కదా."

బావమరిది గొంతులో వెటకారం లేదు. పాదరసానికి అదే భరించడం కష్టమైంది. ఎప్పటిలా ఏదో ఒకటి అంటే తిట్టేవాడు, తిట్టి తప్పించుకునేవాడు. చేతులు కడుక్కుని బయటికి నడిచాడు.

ముసురులో వీధులు పట్టుకు తిరిగాడు. మొదట్లో మనుషులు నీడల్లా ఎదురొచ్చారు. బస్టాపు దాకా వెళ్ళి బస్సెక్కకుండా వెనక్కొచ్చాడు. ఏదో స్కూలు గోడ పక్కగా నడిచాడు. కత్తి నాలుగు వేళ్ళు ఇటు జరిగి ఉంటే గొంతు నరం. ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వేగం పెంచేవి. ఒక చౌరస్తాలో ఆగి కళ్ళు చికిలించి బోర్డులు చదవడానికి ప్రయత్నించాడు, చదవలేక ముందుకు పోయాడు. మళ్ళీ అక్కడికే వచ్చేసరికి బోర్డుల మీద అక్షరాల అంచులు కనిపించడం మొదలైంది. ఇంకాసేపటికి అక్షరాలే కనిపించాయి. పైఅంతస్తులో ఆరేసిన చొక్కా గుండీలు, కరెంటు తీగ మీద వేలాడే నీటిబొట్లు కూడా తేటగా కనిపించాయి. రోజూలాగే ఛాతీలో బరువు దిగడం మొదలైంది. ముసురు వల్ల కదా, డ్రయ్యర్ పెట్టుకోనందువల్ల కదా, రేపటి నుంచి ఇంకాస్త ముందే లేస్తే...

అక్కడే ఆగాడు. పక్కనున్న కొట్టు అద్దంలో తన మొహం చూసుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా చేతికి గార్డుగారి రక్తం చిన్న మరకగా ఎండి ఉంది. ఆ మరక అంచు కూడా అతనికి స్పష్టంగా కనబడింది.

ఇంటికి వెళ్ళాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. ఆ వేళప్పుడు అతన్ని చూసి, "ఏమైంది?" అంది. అతను చెప్పులు విడిచి, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తలకింద దిండు తీసేశాడు. చేతులు పక్కన పెట్టుకుని పైకప్పును చూశాడు. పైకప్పుకు ఒక మూల తడి పట్టి ఉంది.

"జ్వరమా?"

"కాదు."

"మరి?"

"కాసేపు మాట్లాడించకు."

ముందు కుడి పాదం ఊగింది. దాన్ని ఆపేసరికి ఎడమది మొదలైంది. వీపు దురద పుట్టింది. వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైతే తల తిప్పబోయి మానుకున్నాడు. ఒకసారి లేచి కూర్చున్నాడు. భార్య చూస్తోందని గ్రహించి మళ్ళీ పడుకున్నాడు. ఆమె మడతపెట్టిన చొక్కాను ఒళ్ళోనే ఉంచుకుని మంచం చివర కూర్చుంది. అతని పాదం మీద చెయ్యి వేసింది.

"తమ్ముడు ఫోన్ చేశాడు," అంది.

"ఏమన్నాడు?"

"మీరు ఇంటికొచ్చారా అని అడిగాడు. అంతే."

అతని పాదం ఆమె చేతి కింద ఒకసారి అదిరి ఆగింది.

"డాక్టరమ్మకు చెప్పు," అన్నాడు. "ముందు ఎడమ కన్ను చేయించుకుంటాను. అది అయ్యేదాకా కత్తి పట్టను."