వెనక వీధి మెస్సులో ఏముంది

ఢిల్లీలో వసంత్ కుంజ్ పక్క గల్లీలో ఏళ్ల తరబడి ఆంధ్రా మెస్సు నడుపుతున్నాను. సివిల్స్‌కి చదివే మన పిల్లలే నా గిరాకీ. వెనక వీధిలో కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒకాయన ఇంకో మెస్సు పెట్టాక నా బల్లలు సగం ఖాళీ అయిపోయాయి. మెస్సు నడిచే అద్దె హాలు ఉంచుకుంటానో వదిలేస్తానో నెలాఖరుకల్లా ఇంటి ఓనరుకు చెప్పాలి. వదిలేస్తే మెస్సు మూతపడ్డట్టే.

"అత్తా, కాంపిటీటర్‌తో బెంచ్‌మార్కింగ్ చేసుకోవాలి," అన్నాడు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు.

"అంటే ఏంట్రా?"

"వాళ్లదీ మనదీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం. ఎక్కడ తగ్గామో తెలిసిపోతుంది."

ఫోన్‌కి ఒక షీట్ పంపాడు. రుచి, శుభ్రం, వేడి, వడ్డన, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో నింపాలట. ఇదెంతసేపు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రోజూ నా దగ్గర తినే ముగ్గురు పిల్లల్ని అక్కడికి పంపాను, తిని వచ్చి ఉన్నదున్నట్టు చెప్పమని. వచ్చారు. "మీ వంట ముందు అది దిగదుడుపే ఆంటీ," అన్నాడొకడు. "మీదే మంచిగుంది ఆంటీ," అన్నాడు రెండోవాడు. పప్పు నీళ్లలా ఉందన్నాడు మూడోవాడు. మరి ఆ నీళ్ల పప్పు కోసం అంతమంది ఎందుకు ఎగబడుతున్నార్రా అంటే ముగ్గురూ మంచినీళ్ల గ్లాసులందుకున్నారు. మన పిల్లలు చచ్చినా పెద్దవాళ్ల మొహం మీద వంట బాగాలేదని అనరు. మార్కులు వెయ్యమంటే నాకు అన్నిట్లోనూ పదికి పది, ఆయనకి రెండు. ఈ మర్యాదతోనే నన్ను నిలువునా ముంచుతున్నారని ఒళ్లు మండిపోయింది.

సరే, నేనే తేల్చుకుంటానని ఒకరోజు వెళ్లి అక్కడ టోకెన్ వరసలో నిలబడ్డాను. ఆ కర్నూలాయన దూరం నుంచే గుర్తుపట్టేశాడు.

"అయ్యో అక్కా, నువ్వు లైన్లో నిలబడేదేంది! లోపలికి రా."

అందరికీ స్టీలు పళ్లేలు, నాకు అరిటాకు. ఆయన భార్య అప్పటికప్పుడు గుత్తివంకాయ వండి, ఇంట్లోకి కాచుకున్న నెయ్యి తెచ్చి పోసింది. అందరికీ పెట్టేదే నాకూ పెట్టండి మహాప్రభో అని మొత్తుకున్నాను. "భలేదానివక్కా! ఇంటికొచ్చిన ఆడబిడ్డకి హోటల్ కూడు పెడతామా?" అన్నాడాయన. ఇంకాసేపుంటే చీర కూడా పెట్టేలా ఉన్నారు. వాళ్లు రోజూ అమ్మే భోజనం ఒక్క మెతుకు కూడా నా నోటికి తగల్లేదు. పైగా ఎట్లుందని ఆవిడ అడిగితే, వంకాయలో ఉప్పెక్కువైందని తెలిసి కూడా "చాలా బాగుందమ్మా" అన్నాను. నా నోరు పడిపోను!

నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా, కూరగాయల బండి దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. వరంగల్ పిల్ల. రెండేళ్లు నా దగ్గర తిని, చెప్పాపెట్టకుండా వెనక వీధి మెస్సుకి మారిపోయింది. నన్ను చూసి పక్కకి తప్పుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కడ ఏం బాగుందో చెప్పు తల్లీ. నేనేం అనుకోను. మెస్సు మూసేసే రోజులొచ్చాయి నాకు."

టమాటాలు ఏరడం మొదలుపెట్టింది. "తిండి మీ దగ్గర్నే మంచిగుంటది ఆంటీ. కానీ అక్కడ ఎవరూ ఏం అడగరు."

"నేనేం అడిగానే?"

"ప్రిలిమ్స్ ఏమైంది, ఇంట్ల ఏమన్నరు అని అడుగుతరు కదా. ఈసారి గూడ పోయింది ఆంటీ. ఇంట్ల ఇంకా చెప్పలే. మీరు అడిగితే మా అమ్మ అడిగినట్టే ఉంటది. ముద్ద దిగది."

ముందు కోపమే వచ్చింది. సొంత పిల్లల్లా చూసుకోవడం కూడా నేరమేనా? ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను ఆ కోపమంతా. తర్వాత కూర్చుని ఏడ్చాను. ఎన్నిసార్లు అడిగి ఉంటానో ఆ పిల్లని, అదీ అన్నం వడ్డిస్తూ.

మర్నాడు మధ్యాహ్నం పంటి బిగువున నోరు మూసుకుని వడ్డించాను. అన్నం, పప్పు, కూర, అంతే. ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడొకడు తిని చెయ్యి కడుక్కుని, వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం బాబూ?"

"నామీద కోపమా ఆంటీ? రిజల్ట్ ఏమైందని అడగలేదేంటి?"

ఏమైంది అన్నాను. పోయిందన్నాడు. అంత పొడుగు మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంకెవరితోనూ చెప్పలేదట. ఒకళ్లకి అడిగితే ముద్ద దిగదు, ఇంకొకళ్లకి అడక్కపోతే దిగులు. ఏం చేసి చావమంటారు నన్ను?

హాలు సంగతి ఏం ఆలోచించానో కనుక్కుందామని సాయంత్రం ఇంటి ఓనరు వచ్చాడు. "క్యా సోచా, దీదీ?"

"రఖూంగీ, భయ్యా," అనేశాను, ఉంచుకుంటానని. గుమ్మంలో ఏడ్చిన ఆ కుర్రాడే కళ్లముందున్నాడు మరి. ఏం చూసుకుని హాలు ఉంచుకున్నావని మేనల్లుడు ఫోన్లో కేకలేశాడు. ఒంగోలు కుర్రాడు రెండుపూటలా ఇక్కడే తింటున్నాడు. ఆ అమ్మాయి మాత్రం మళ్లీ రాలేదు.