యాగా బామ్మ వాయిదా వేసిన భోజనం

మా అడవి మంత్రగత్తె యాగా బామ్మకి ఒకటే అలవాటు. గుమ్మంలోకి ఎవరొచ్చినా "నిన్ను తినేస్తా" అంటుంది. మనం "బాగున్నారా" అన్నట్టే ఆవిడ ఆ మాటంటుంది. తినగా చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఓసారి ఆవుని వెతుక్కుంటూ వెళ్ళి మంచు తుఫానులో చిక్కుకున్నాను. కోడికాళ్ళ మీద నిలబడ్డ ఆవిడ గుడిసె నా కోసం గొంతుక్కూర్చుంది. బామ్మ నా జబ్బ పిసికి చూసి పెదవి విరిచింది. ఈ ఎముకలు కొరికితే ఉన్న ఇనుపపళ్ళు కాస్తా ఊడతాయని విసుక్కుంది. ముందు కండపట్టి చావమని క్యాబేజీ పులుసు, నల్లరొట్టె పెట్టింది. పొయ్యి మీది వెచ్చటి అరుగు నాకిచ్చి, తను బల్లమీద ముడుచుకుంది.

తుఫాను తగ్గాక మళ్ళీ జబ్బ పిసికి, "ఇంకా పనికిరావు, పో" అంది. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి మెల్లిగా అడిగింది: "ఆవు దొరక్కపోతే మళ్ళీ వస్తావా?"

ఆ అడవిలో ఆవిడకి తోడు ఒక నల్లపిల్లి. అదీ ఆకలేస్తేనే పలికేది. ఇంటికొచ్చేసరికి ఆవు కొట్టంలోనే ఉంది. అయినా ఆ చలికాలమంతా అది తప్పిపోతూనే ఉంది.

ఆ మరుసటి చలికాలం కరువొచ్చింది. మా ఊళ్ళో లుకేర్యా మొగుడు పోయాడు. మరిది ప్రోఖోర్ ఆమెను ఇంట్లోంచి గెంటేశాడు. పాపం, పాడుబడ్డ స్నానాల గుడిసెలో వణుకుతూ కూర్చుంది. ఒక మధ్యాహ్నం బామ్మ తను ఎక్కి తిరిగే మంత్రాల రోట్లో ఎగురుతూ వచ్చి నడివీధిలో దిగి, లుకేర్యాని బయటికి పిలిచింది.

"దీన్ని తినేస్తా. ఎవరికైనా అభ్యంతరమా?"

ప్రోఖోర్ టోపీ తీసి, తనకేమీ లేదన్నాడు. బామ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, నువ్వు పులిసిపోయి ఉంటావులే అని ఉమ్మేసింది.

లుకేర్యా ఒక్కటే అడిగింది: "అక్కడ వెచ్చగా ఉంటుందా బామ్మా?"

"పొయ్యి పక్కనే కదే ఉంచేది. ఎక్కు."

ఊరంతా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఆత్మశాంతికి ప్రార్థన కూడా చేయించేశారు.

మంచు కరిగాక వెళ్ళి చూద్దును కదా, లుకేర్యా బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. బురదకాళ్ళతో లోపలికొచ్చావని బామ్మను దులిపేస్తోంది. బామ్మ బుద్ధిగా కాళ్ళు తుడుచుకుంటోంది. నన్ను చూడగానే చెయ్యి పట్టి పెరట్లోకి లాక్కెళ్ళింది.

"అది కండపట్టిందని దానితో అనకే. బాగుపడ్డానని వెళ్ళిపోతుంది."

తిరిగి వస్తుంటే లుకేర్యా కంచెదాకా పరుగెత్తుకొచ్చింది. పావడా కుట్లు అప్పటికే రెండుచోట్ల విప్పి వదులు చేసుకుంది.

"లావయ్యానని ముసల్దానితో అనకక్కా. ఇక పొమ్మంటుంది."

వెనక్కి తిరిగి, గుడిసెలోకి వినబడేలా గట్టిగా చెప్పాను: ఇంత చిక్కిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదని, కోలుకోవాలంటే ఏళ్ళు పడుతుందని.