మామగారి నడుము, మాడిన వామి

ఆ రోజుల్లో కొత్త కోడలికి దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికి మాత్రమే అని అందరూ గట్టిగా నమ్మేవాళ్ళు. ముఖ్యంగా మామగారి ముందు. ఆయన ఎదురుగా నిలబడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు, ఆయన వసారాలో ఉంటే మన గొంతు గడప దాటకూడదు. ఇప్పుడు మా మనవరాలికి ఈ సంగతి చెబితే, 'మరి కూరలో ఉప్పు తక్కువైతే ఆయన నీకెట్లా చెప్పేవాడవ్వా?' అని అడుగుతుంది. గోడకు చెప్పేవాడు తల్లీ. గోడ నాకు చెప్పేది. ఇంట్లో అయితే గోడ, పెరట్లో అయితే ఆవు. మా గౌరి అనే ఆ ఆవు మా ఇద్దరి మధ్యా మోసిన మాటలు ఇంకే ఆవూ మోసి ఉండదు. నేనేమో గుడిబండెలో, గుళ్ళో పూజ చేసుకునే వాళ్ళింట్లో పుట్టినదాన్ని. ఇంట్లో నన్ను 'వసపిట్ట' అనేవాళ్ళు. అటువంటిదాన్ని పదహారేళ్ళకే తెచ్చి, చింతామణి దాటి మురుగమల్ల దారిలో ఉన్న ఒక పల్లెలో నోరు కట్టేసి కూర్చోబెట్టారు. మా ఆయన బాగేపల్లిలో ఇస్కూలు మేష్టరు. పెద్ద యుద్ధం రోజులు కదా, బొగ్గుతో నడిచే బస్సుకు ఎప్పుడు దయ కలిగితే అప్పుడు ఇంటికొచ్చేవాడు. అంటే నేను నోరు విప్పి మాట్లాడాలన్నా ఆ బస్సు దయే.

ఆ ఏడు రాగి కోతలయ్యాక గడ్డి సరిగా ఆరకముందే తుఫాను వాన పట్టుకుంది. రెండెద్దులకూ ఆవుకూ ఎండాకాలం దాకా ఆ గడ్డే తిండి. ఇంకో వానొస్తే అంతా కుళ్ళిపోతుందని మామగారు తొందరపడి, తడి ఆరీ ఆరకుండానే పెరట్లో గడ్డివామి వేయించేశారు. అదీ మా పూరికప్పుకు చెయ్యి చాచితే అందేంత దగ్గరలో. తడిగడ్డి లోపల ఉడుకుతుందనీ, ఉడికి ఉడికి తనంతట తనే అంటుకుంటుందనీ నాకేం తెలుసు? గడ్డికి నిప్పు పెట్టకుండా నిప్పు పుడుతుందని మా అత్త చెప్పినప్పుడు నేను నోరు తెరుచుకుని చూశాను. సరిగ్గా ఆ సమయానికే చిక్కబళ్ళాపురంలో మా ఆడబిడ్డకు కాన్పు దగ్గర పడిందని కబురొచ్చింది. అత్త మూట కట్టుకుని, నా చేతిలో గడారి (అదే, గుంతలు తవ్వే పొడుగాటి ఇనుప కడ్డీ) పెట్టింది.

"పాలు పితికేదానికి ముందర దీన్ని వామిలోకి దిగ్గొట్టు. పితికినాక పెరికి, లోపలుండిన కొసను చేత్తో పట్టుకో. చెయ్యి నిలిస్తే భయం లేదు. చెయ్యి నిలవకుంటే మీ మామకు చెప్పల్ల. నీళ్ళు పక్కన పెట్టుకోకుండా మాత్రం వామిని పెరకొద్దు, గాలి తగిల్తే భగ్గుమంటాది."

"నేను మామకు ఎట్ల చెప్పేది అత్తా?"

"ఓసి సిగ్గులేనిదానా! నువ్వెట్ల చెప్తావు? ఎట్లో ఒకట్ల ఆయనకు తెలిసేట్ల చెయ్యి" అని బండెక్కింది. బండి మలుపు తిరిగిందాకా నేను గడారి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఇక మామగారి నడుము సంగతి చెప్పాలి. ఆయనకు చలికాలం వస్తే నడుము పట్టేసేది. ఎన్ని తైలాలు రాసినా లొంగని నడుము అది. ఒక పొద్దున ఎండ కోసం పెరట్లోకి వచ్చి, కాసేపు వామికి ఆనుకుని కూర్చున్నారు. ఆనుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. "ఆహా, ఏం వెచ్చనప్పా! తైలం కంటే ఇదే మేలుగుండాదే!" అని పెద్దగా అన్నారు. ఆ మాట విని పక్కింటి బీడీ తాత గోడ అవతల నుంచి వచ్చి (ఆ తాత నోట్లో బీడీ వెలిగినా వెలగకపోయినా ఉండేది), "నాకూ ఇంత తావియ్యప్పా, మోకాళ్ళు పీకుతాండాయి" అని పక్కన చేరాడు. మరునాటి నుంచి ఇద్దరూ కంబళ్ళు తెచ్చుకుని, తెల్లారేసరికే వామికి వీపులు అప్పజెప్పేవాళ్ళు. ఊళ్ళో ఎముకలు నొచ్చేవాళ్ళంతా వచ్చి చూసిపోయేవాళ్ళు. ఊరంతా మా వామిని వైద్యం కింద లెక్కగట్టేసరికి నాకు దిగులు పట్టుకుంది. ఎందుకంటే ఆ వెచ్చదనం ఏమిటో ఆ పెరట్లో తెలిసింది గడారి పట్టుకున్న నాకొక్కదానికే.

మొదట్లో కడ్డీ గోరువెచ్చగా ఉండేది. తర్వాత చెయ్యి చురుక్కుమంది. వాసన కూడా మారింది. మొదట బెల్లం కాగుతున్నట్టు కమ్మగా ఉండేది (బీడీ తాత దాన్నీ మెచ్చుకున్నాడు), పోను పోను ముద్ద అడుగంటిన కంపు మొదలైంది. ఒక పొద్దున కడ్డీ కొస పట్టుకోగానే చెయ్యి దానంతటదే ఎగిరింది. అరచెయ్యి కందిపోయింది. ఇక లాభం లేదని కొంగు నిండా కప్పుకుని ఆవు దగ్గర నిలబడి, గొంతు పెంచాను.

"గౌరమ్మా, గడారి పట్టుకుంటే చెయ్యి కాలుతాండాదమ్మా. వామి పెరికేస్తే మేలమ్మా."

మామగారు ఆవు వైపే చూస్తూ, "గౌరీ, వామి పెరికితే నా నడుముకు కాపడం ఎవురు పెడతారో అడుగు. వాళ్ళత్త వచ్చినాక చూద్దామని చెప్పు" అన్నారు. ఆవు నెమరేసింది. నేను తలపట్టుకున్నాను.

మాట పనికి రాకపోతే వస్తువైనా చెబుతుందని, మర్నాడు ఆ కాలిన కడ్డీని గుడ్డతో పట్టుకుని తెచ్చి మామగారి చేతికి తగిలేట్టు పక్కన పెట్టాను. ఆయన లేవబోతూ ఊతం కోసం దాన్నే పట్టుకున్నారు. "అబ్బా!" అని చెయ్యి విదిలించి, కడ్డీ వైపు కళ్ళార్పకుండా చూశారు. హమ్మయ్య, అర్థమైంది అనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కడ్డీకి చుట్టి, మోకాలి మీద పెట్టుకుని, "ఇదీ బాగుండాదే! తాతా, రేపు నీకు" అన్నారు. నేను అక్కడికక్కడే కూలబడకపోవడం మా పుట్టింటి దేవుడి చలవ.

నవ్వొస్తుంది గానీ అప్పుడు నాకు అన్నం సయించేది కాదు. వామి అంటుకుంటే కప్పు అంటుకుంటుంది, పశువులకు తిండి పోతుంది, అన్నిటికన్నా ముందు దానికి వీపానించిన మనిషి పోతాడు. ఇవన్నీ తెలిసి కూడా నోరు విప్పడానికి భయం. మామకు ఎదురు మాట్లాడిందని కోడలిని పుట్టింటికి పంపేసిన ఇల్లు ఆ వీధిలోనే ఉండేది.

మంచు పట్టిన పొద్దు. వామి మీద ఆవిరి లేవడం మామూలే. ఆ వేళ మామగారి భుజం పక్క నుంచి లేచింది ఆవిరి కాదు. గోధుమరంగు పొగ. మామగారు దాన్ని చూసి, "ఏం తాతా, గడ్డి పక్కన బీడీ తాగొద్దంటే వినవే!" అని కసిరారు. తాత నోట్లోంచి బీడీ తీసి చూపిస్తూ, "వెలిగించనే లేదప్పా!" అన్నాడు. ఇద్దరూ బీడీ మీద వాదులాడుకుంటున్నారు, వెనక పొగ మందమవుతోంది. నా చేతిలోని పాలచెంబు జారిపోయింది. ఏమైందో నాకే తెలియదు.

"మామా! లెయ్! వామి అంటుకుంటాండాది, లేస్తావా లేదా!"

ఊరు ఊరంతా వినేలా అరిచాను. అరిచి ఊరుకోలేదు, పోయి చెయ్యి పట్టి లాగాను. మామగారిని! చెయ్యి పట్టి! ఆయన పొగకు కాదు, నాకు బెదిరి లేచారు. ఆయన వీపున్న చోట కంబళి నల్లగా మాడి చిల్లు పడి ఉంది. "తాతా, బీడీ అవతల పారేసి బిందె ఎత్తుకో! ఎవురూ గడ్డి పెరకొద్దు, ముందర నీళ్ళు తెండి!" అని నేను అరుస్తుంటే, పరిగెత్తుకొచ్చిన మగవాళ్ళంతా మారు మాట్లాడకుండా బావి వైపు పరుగెత్తారు. తడి గోనెలు కప్పుతూ, నీళ్ళు పోస్తూ వామి విప్పితే లోపల గడ్డి బొగ్గు. గాలి తగలగానే మంట లేచింది, నీళ్ళు పడగానే అణిగింది. నేనూ చేతులతో లాగాను. సగానికి పైగా గడ్డి దక్కింది, కప్పు దక్కింది.

మంట ఆరాక అందరి చూపులూ నా మీద పడ్డాయి. అప్పుడు తెలివొచ్చింది నాకు. కొంగు లాక్కుని ఆవు వెనక్కి పోయి నిలబడ్డాను. ఇక గుడిబండె బస్సే గతి అనుకున్నాను. మామగారు మసి మొహంతో నడుము పట్టుకుని నా దగ్గరికొచ్చారు. గోడతో కాదు, ఆవుతో కాదు, నాతోనే అన్నారు:

"చెయ్యి చూపమ్మా. బొబ్బలెక్కిండాయి గదమ్మా. నొస్తాండాదా?"

పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఒక పెద్దమనిషి నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం నిలబడడం అదే మొదలు. నా గొంతులోంచి ఒక్క ముక్క వస్తే ఒట్టు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ధారగా వచ్చాయి. ఆయన తనే బావి దగ్గరికి పోయి, చల్లటి నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశారు.

అత్త తిరిగొచ్చిన పూటే బీడీ తాత గోడ మీంచి అంతా చెప్పేశాడు, నా 'లెయ్'తో సహా. అత్త నోటి మీద చెయ్యి వేసుకుని నా వైపు తిరిగింది. మామగారు అడ్డొచ్చి, "నీ బొట్టు నిలిచింది ఆ అరుపుతోనే. ఇంక ఆ పిల్ల నాతోనే మాట్లాడతాది" అన్నారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం మాట్లాడుకోని సంగతి లేదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆపేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరని కొడుకులు విసుక్కుంటారు. నిజమే. కానీ ఊరందరినీ అరిచి బావి దగ్గరికి తరిమి, మామ అడిగితే 'నొస్తాండాది మామా' అనే చిన్న మాట అనలేక ఆవు వెనక నిలబడిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే, నాకు నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకుని తల నిమరాలనీ అనిపిస్తుంది.